పండగ ఇంటి నీళ్ల కట్టుదిట్టం

పుదుచ్చేరిలో పండగల కాలం, వానల కాలం ఒకటే. దసరాతో మొదలై దీపావళి, క్రిస్మస్, కొత్త సంవత్సరం మీదుగా సంక్రాంతి దాకా సాగే నెలల్లోనే ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని తడుపుతాయి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కురుస్తుంది. అందువల్ల లాస్‌పేటలో ఒక ఇంటి నీటి పైపులకు, మురుగు గొట్టాలకు పరీక్ష మూడు వైపుల నుంచి వస్తుంది. ఒక ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. పక్క ఇల్లు వారం పది రోజులు తాళంలో ఉంటుంది. రెండిళ్ల బయటా నేల నాని, వీధిలోని మురుగు చాంబర్లు పొంగడానికి సిద్ధంగా ఉంటాయి. మూడింటికీ జాగ్రత్తలు వేరు. అన్నింటికీ వర్తించే నియమం ఒకటుంది: పని సెప్టెంబరులోనే ముగియాలి. దీపావళి ముందురోజు ప్లంబరు దొరకడం కష్టం, దొరికినా సామాన్ల కొట్టు మూసి ఉంటుంది.

లాస్‌పేట ఉళవర్‌కరై పురపాలక సంఘం పరిధిలోని మిట్ట ప్రాంతం. ఇక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 40 మీటర్ల ఎత్తున ఉంది. కాలేజీలు, ప్రభుత్వోద్యోగుల ఇళ్లు, అద్దె వాటాలు ఎక్కువ. యానాం కూడా ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోది కావడంతో చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చిన తెలుగువారు పుదుచ్చేరిలో కాపురాలుంటారు. సంక్రాంతికి గోదావరి తీరం చేరాలంటే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అంత దూరం పోయినవారు కనుమ మరునాడే తిరిగి రారు. అన్నాళ్లూ ఇంట్లో నీళ్లు, మురుగు ఎవరి కన్నూ పడకుండా ఉంటాయి.

వాల్వు తిరుగుతుందా?

పుదుచ్చేరికి భూగర్భ జలమే ఆధారం. మూడవ నెపోలియన్ కాలంలో ముత్తిరైపాళయం నుంచి పట్టణానికి నీళ్లు తెచ్చిన జ్ఞాపకం భారతి పార్కులోని ఆయి మండపం. ఇప్పుడు బోర్లు లోతుకు పోయాయి, తీరం వెంబడి ఉప్పదనం పెరిగింది. లవణాలు ఎక్కువున్న నీళ్లు గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడతాయి, షవర్ రంధ్రాలను పూడుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాల్వులను బిగించేస్తాయి.

చాలా ఇళ్లలో నీటి దారి ఒకటే. కొళాయి నీళ్లు వేళకు వచ్చి సంపులో పడతాయి, మోటారు వాటిని డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది, అక్కడి నుంచి గొట్టాల్లో దిగుతాయి. ట్యాంకు అడుగున ఉండే గేటు వాల్వు ఈ దారికంతా తాళం. ఇల్లు కట్టిన రోజు తెరిచిన వాల్వును మళ్లీ ముట్టుకోని ఇళ్లే ఎక్కువ. ఏళ్ల తరబడి కదలని వాల్వు లోపలి పలక మీద ఉప్పు పేరుకుంటుంది. అవసరం పడిన రాత్రి బలంగా తిప్పితే ఇత్తడి కాడ విరిగి చేతికొస్తుంది, నీళ్లు మాత్రం ఆగవు.

పరీక్ష చాలా సులువు. పగటి పూట, తీరికగా ఉన్నప్పుడు వాల్వును మెల్లగా పూర్తిగా మూయాలి. కింద బాత్‌రూములో కొళాయి తిప్పి పెట్టాలి. గొట్టంలో మిగిలిన నీళ్లు ముందు ధారగా, తర్వాత సన్నగా వచ్చి కాసేపటికి నిలిచిపోవాలి. పది నిమిషాల తర్వాత కూడా బొట్టు పడుతుంటే వాల్వు మూసుకోవడం లేదని అర్థం. అప్పుడు బాగుచేయించే బదులు, పిడిని పావు వంతు తిప్పితే మూసుకునే బాల్ వాల్వు వేయించుకోవడం మేలు. సరిగ్గా పనిచేసే గేటు వాల్వునైనా ఏడాదికి రెండుసార్లు మూసి తెరవాలి. పూర్తిగా తెరిచాక ఒక్క పిసరు వెనక్కి తిప్పి వదిలితే బిగుసుకోదు. సింకు కింద, ఫ్లష్ ట్యాంకు పక్కన ఉండే యాంగిల్ కాక్‌లకూ ఇదే పరీక్ష. వాటి నుంచి పైకి వెళ్లే అల్లిక గొట్టంలో తీగ తుప్పు పట్టినా, ఎక్కడైనా ఉబ్బినా వెంటనే మార్చాలి. తాళం వేసిన ఇళ్లు నీళ్లలో మునగడానికి తరచు కారణమయ్యేది ఈ చిన్న గొట్టమే. ప్రెజర్ పంపు ఉన్న ఇంట్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. ట్యాంకు ఎత్తు ఆరు మీటర్లయితే గొట్టంలో ఒత్తిడి 0.6 బార్ మాత్రమే, పంపు దాన్ని రెండు మూడు బార్‌లకు పెంచుతుంది.

కంటికి కనిపించని లీకు పట్టడానికి ఒక రాత్రి చాలు. పడుకోబోయే ముందు కొళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టాలి. తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడాలి. మట్టం దిగితే నీళ్లు ఎక్కడో పోతున్నాయి. మొదటి అనుమానం ఫ్లష్ ట్యాంకు మీదే పడాలి. ట్యాంకు మూత తీసి బట్టలకు వేసే నీలం మందు నాలుగు చుక్కలు వేసి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగాలి. కమోడ్ లోపలి తెల్లటి గోడ మీద నీలం చార కనిపిస్తే అడుగు వాషరు పోయినట్టే. ఆ వాషరు ఖరీదు స్వల్పం. దాని గుండా పోయే నీళ్లు మాత్రం రోజుకు 700 లీటర్ల దాకా ఉండవచ్చు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటిన్నర రోజుకే ఖాళీ. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కొళాయి కూడా రోజుకు 30 లీటర్లు వృథా చేస్తుంది.

నలుగురి ఇంట్లో పన్నెండుగురు

భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వ లెక్క. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. కొత్త సంవత్సరానికి పుదుచ్చేరి చూడడానికి మరో ఎనిమిది మంది దిగితే 1,620 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు మధ్యాహ్నానికే అడుగంటుతుంది. అడుగున పేరుకున్న ఇసుక, నాచు అప్పుడే గొట్టాల్లోకి దిగి కొళాయి జల్లెళ్లను మూసేస్తాయి. చుట్టాలు రాకముందు ట్యాంకు కడగాలనేది అందుకే. మోటారు రోజుకు రెండు మూడుసార్లు నడపాల్సి వస్తుంది కనుక సంపులో మోటారు గొట్టం చివర ఉండే ఫుట్ వాల్వు, ట్యాంకులో నీళ్లు నిండగానే ఆపే ఫ్లోటు సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంటికి ఈ రద్దీ ఇంకా బరువు. ట్యాంకులో మురుగు సుమారు ఒక రోజు నిలిస్తేనే మడ్డి అడుగుకు చేరుతుంది. నీళ్లు మూడింతలైతే మడ్డి తేరుకోకుండానే ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోయి దాని గోడలను పూడుస్తుంది. ఒకసారి పూడిన గుంత వానాకాలంలో ఇక తాగదు. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలనే నియమం పాటించేవారు, ఆ పని పండగలకు ముందే పెట్టుకోవాలి.

ఖాళీ చేయించడమంటే యంత్రం ఉన్న లారీతోనే. ట్యాంకులోకి గానీ, మాన్‌హోల్‌లోకి గానీ రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకు చెల్లించాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. పండగ పూట మురుగు పొంగిందనే తొందరలో నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి ఒక మనిషిని గుంతలోకి దించడానికి ఏ ఇంటికీ హక్కు లేదు. యంత్రంతో శుభ్రం చేయించుకోవడానికి 14420 అనే జాతీయ సహాయ నంబరు ఉంది.

వంటింటి సింకుకు పండగే గడ్డు కాలం. మురుకులు, బూరెలు, అరిసెలు వేయించిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడిపడి ఉంటాయి. బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసినప్పుడు అవి నీటిలో కరగని సబ్బు ముద్దగా మారి గొట్టం గోడకు అంటుకుంటాయి. నెయ్యి, డాల్డా చల్లబడగానే గడ్డకడతాయి. ఆ జిడ్డు మీద బియ్యప్పిండి, టీ పొడి, కొబ్బరి పీచు పట్టుకుని పొరలు పొరలుగా పెరుగుతాయి. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో బయటపడిన కొవ్వు గడ్డ పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. లాస్‌పేట ఇంటి గొట్టంలో జరిగేదీ అదే, కొలతలో మాత్రమే తేడా. అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ విందు మరునాటి శుక్రవారం ప్లంబర్లకు ఏడాదిలోకెల్లా రద్దీ రోజు. కారణం ఇదే.

మూకుడును కడిగే ముందు పాత కాగితంతో తుడవడం, మిగిలిన నూనెను చల్లార్చి సీసాలో పోసి పెట్టడం, సింకు నోటికి జల్లెడ మూత వేయడం: ఈ మూడు పనులతో సగం బెడద తీరుతుంది. ఒకప్పుడు కుడితి తొట్టిలోకి పోయే గంజి, బియ్యం కడుగు ఇప్పుడు సింకులోకి పోతున్నాయి. గంజి పోస్తే వెనకే రెండు చెంబుల నీళ్లు పోయాలి. బాత్‌రూములో దీపావళి తలంటు నూనె, శీకాయ, సున్నిపిండి, రాలిన జుట్టు కలిసి నేలలోని నహానీ ట్రాప్‌లో ముద్ద కడతాయి. సున్నిపిండి రుద్దుకున్న ఒంటిని చేత్తో దులుపుకుని ఆ పిండిని చెత్తబుట్టలో వేస్తే గొట్టానికి ఆ బరువు తప్పుతుంది. బీచి నుంచి వచ్చినవారి కాళ్లకు, బట్టలకు అంటిన ఇసుక ఇంకో సమస్య. ఇసుక నీళ్లతో పాటు సాగదు, ట్రాప్ అడుగున కూర్చుంటుంది. వాకిట్లో కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, బట్టలు దులిపి లోపలికి రావాలని చుట్టాలకు చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. భోగికి ముందు వెల్ల వేసిన బకెట్లను, పుట్టీ గిన్నెలను బాత్‌రూములో కడగడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వైట్ సిమెంటు గొట్టంలో గట్టిపడితే చాలాసార్లు గొట్టం కోసి మార్చాల్సిందే.

అడ్డం పడినప్పుడు ముందు రబ్బరు పంపుతో లాగాలి, తర్వాత స్ప్రింగు తీగతో తోడాలి. యాసిడ్ చివరి దారి. యాసిడ్ క్లీనరు పోసిన చోట బ్లీచింగ్ పౌడరు వేస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ లేని బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

రెండంగుళాల నీళ్లు

ఇంటికీ మురుగు లైనుకూ మధ్య ఉన్న అడ్డుగోడ సిమెంటుది కాదు, నీళ్లది. కమోడ్ వంపులో, సింకు కింద బాటిల్ ట్రాప్‌లో, బాత్‌రూము నేలలోని నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీటి అడ్డు కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు ఉండాలని భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును, బొద్దింకలను, దోమలను ఆపేది అదొక్కటే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ ఎస్ ఆకారపు వంపుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంటి లోపల మరుగుదొడ్డి పెట్టుకోవడానికి వీలు కల్పించిన ఉపాయం అది.

2024 జూన్ 11న పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయం పుదునగర్‌లో, భూగర్భ మురుగు లైను నుంచి మరుగుదొడ్డి గుండా ఇళ్లలోకి వచ్చిన విషవాయువుకు ముగ్గురు బలయ్యారు. వారిలో ఒకరు 15 ఏళ్ల బాలిక. లోపల కూలిన మనిషిని లేపబోయిన వారు కూడా కూలిపోయారు. రెడ్డియార్‌పాళయం కూడా లాస్‌పేట లాగే ఉళవర్‌కరై పురపాలక సంఘంలోనిదే. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన తగ్గిందంటే ప్రమాదం పోయిందని కాదు. బాత్‌రూములో ఎవరైనా పడిపోయి, మురుగు వాసన గట్టిగా వస్తుంటే లోపలికి పరుగెత్తకూడదు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, వెంటనే అంబులెన్సును, అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

నీటి అడ్డు రెండు విధాలుగా పోతుంది. మొదటిది, మనిషి చేతులారా తీసేయడం. ప్లాస్టిక్ నహానీ ట్రాప్ లోపల తలకిందులుగా అమర్చిన చిన్న కప్పు ఉంటుంది. నీటిని ఆపి అడ్డు కట్టేది ఆ కప్పే. జుట్టు చుట్టుకుని నీళ్లు పోవడం లేదని దాన్ని తీసి పారేస్తే నీళ్లు చకచకా పోతాయి, కానీ ఆ క్షణం నుంచి ఇల్లు నేరుగా మురుగు లైనుకు తెరుచుకున్నట్టే. పండగకు ముందు ప్రతి ట్రాప్ జల్లెడా ఎత్తి చూసి, కప్పు లేని చోట కొత్తది పెట్టాలి. ముందు నీళ్లు పోసి, తర్వాత టార్చి వేస్తే అడుగున నీళ్లు మెరుస్తూ కనిపించాలి.

రెండోది ఎండిపోవడం. వాడని ట్రాప్‌లో నీళ్లు మెల్లగా ఆవిరవుతాయి. అతిథుల గది బాత్‌రూము, బాల్కనీ, వాషింగ్ మెషీను తీసేసిన మూల ముందుగా ఎండుతాయి. 2003లో సార్స్ వ్యాధి హాంకాంగ్‌లోని ఆమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో 300 మందికి పైగా సోకినప్పుడు, బాత్‌రూము నేలలోని ట్రాప్‌లు ఎండిపోవడం అందుకు ఒక కారణమని పరిశోధకులు తేల్చారు. ఊరికి బయల్దేరే రోజు ప్రతి ట్రాప్‌లో ఒక చెంబు నీళ్లు, వాటి మీద ఒక చెంచా వంటనూనె పోస్తే చాలు. పైన తేలే నూనె పొర ఆవిరిని ఆపుతుంది.

తాళం వేసే రోజు

బయల్దేరేటప్పుడు ట్యాంకు అడుగు వాల్వు మూసి, కింద ఒక కొళాయి తిప్పి గొట్టాల్లో ఒత్తిడి దించి, మళ్లీ కట్టాలి. మోటారుకు ఆటోమేటిక్ కంట్రోలరు ఉంటే దాని మెయిన్ స్విచ్ తప్పనిసరిగా ఆపాలి. లేకపోతే ఎక్కడైనా గొట్టం విడిపోయినప్పుడు ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ మోటారు నింపుతూనే ఉంటుంది. సంపు ఎండిన తర్వాత కూడా నడిచి కాలిపోతుంది. గీజరు స్విచ్ ఆపి, దాని నీటి వాల్వు మూయాలి.

ట్యాంకు ఖాళీ చేసి వెళ్లాలా, నింపి వెళ్లాలా? ఈ తీరంలో నింపి వెళ్లడమే మంచిది. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు తుపాను గాలికి ఎగిరిపోతుంది, నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువుంటుంది. పైగా 2011 డిసెంబరు 30న తానే తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇంటికి చేరినవారికి దిక్కు ట్యాంకులో ఉన్న నీళ్లే. మూత మాత్రం తాడుతో బిగించి కట్టాలి. సందు మిగిలితే డెంగీ దోమ చేరుతుంది. అది గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. దాని గుడ్లు ట్యాంకు గోడకు అంటుకుని నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి కడిగేటప్పుడు గోడలు రుద్దడం ముఖ్యం. దోమల మీద పరిశోధనకు 1975లో ఏర్పడిన కేంద్రం ఉన్న ఊరు పుదుచ్చేరి. 1980ల మొదట్లో ఆ సంస్థ బోదకాలు దోమను అదుపు చేయడానికి ఇక్కడే పెద్ద కార్యక్రమం నడిపింది. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం నోటికి కట్టే చిన్న నైలాన్ వల ఆ దోమకు దారి మూస్తుంది.

తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచి, వాల్వు ఎక్కడుందో చూపించి వెళ్లాలి. చలిదేశాల్లో ఉండే తెలుగువారికి ఇది ఇంకా అవసరం. నీళ్లు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి గొట్టాన్ని చీలుస్తాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను చలి ముంచెత్తినప్పుడు తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ పరిసరాల్లోనూ ఇళ్ల గొట్టాలు పగిలాయి. డిసెంబరులో ఇండియాకు వచ్చేవారు అక్కడి ఇంట్లో హీటరును పూర్తిగా ఆపకుండా 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచి, మెయిన్ వాల్వు మూసి రావాలి.

వాన వచ్చిన రోజు

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు మించి వాన పడింది. అలాంటి వానకు రెయిన్‌బో నగర్, కృష్ణానగర్ లాంటి పల్లపు కాలనీలు మునుగుతాయి. మిట్టన ఉన్న లాస్‌పేట వీధుల్లో నీళ్లు నిలిచేది తక్కువైనా, ఇక్కడ చేసే తప్పుకు పల్లంలోని వాళ్లు బాధ పడతారు. వాకిట్లో నీళ్లు నిలవగానే మురుగు చాంబరు మూత ఎత్తి అందులోకి వదలడం ఆ తప్పు. డాబా మీది వాన గొట్టాన్ని చాంబరులో కలపడం దానికి అన్న. మురుగు లైను వాన నీటికి సరిపడేలా కట్టింది కాదు. అది నిండగానే మురుగు వెనక్కి తిరిగి, పల్లంలో ఉన్న ఇళ్ల కింది అంతస్తు కమోడ్‌లలోంచి పైకి వస్తుంది. వాన గొట్టం ఇంకుడు గుంతకో, వీధి వాన కాలువకో పోవాలి. కింది అంతస్తు బాత్‌రూము వీధి మట్టం కన్నా పల్లంలో ఉంటే, ఇంటి చివరి చాంబరులో వెనక్కి రానివ్వని వాల్వు వేయించుకోవాలి. వాన కురుస్తున్నంతసేపూ ఫ్లష్, వాషింగ్ మెషీను వాడకం తగ్గించడం ఇరుగుపొరుగు అందరికీ మంచిది. సంపు మూత నేలకు సమానంగా ఉన్న ఇళ్లలో మురికి నీళ్లు తాగే నీటిలో కలుస్తాయి కనుక మూత చుట్టూ నాలుగైదు అంగుళాల గట్టు కట్టించాలి. సంపులో వరద నీళ్లు చేరితే మొత్తం తోడి, కడిగి, బ్లీచింగ్ పౌడరు వేసిన తర్వాతే మళ్లీ నింపాలి.

ఊరి నుంచి తిరిగొచ్చాక ముందు కిటికీలు, తర్వాత వాల్వు తెరవాలి. కొళాయిలన్నీ రెండు మూడు నిమిషాలు వదిలేయాలి, ఆ నీళ్లు మొక్కలకు పనికొస్తాయి. నిలిచిన గోరువెచ్చని నీళ్లలో 25 నుంచి 45 డిగ్రీల మధ్య లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది ఊపిరితిత్తులకు సోకేది నీటి తుంపరల ద్వారా. కాబట్టి షవర్ తల విప్పి, మొహం దూరంగా పెట్టి నీళ్లు పోనివ్వాలి. ప్రతి ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోయాలి. గీజరు స్విచ్ చివరికి: వేడి నీటి కొళాయిలోంచి గాలి బుడగలు పోయి నీళ్లు నిండు ధారగా వచ్చిన తర్వాతే వేయాలి. ఖాళీ గీజరుకు కరెంటు ఇస్తే కాయిల్ కాలిపోతుంది.